ఆర్పని కర్పూరం

యల్లమంద ఒట్టు వెయ్యనన్నాడు.

వేస్తానని ఉంటే ఆ ఆదివారం పొద్దుటికే అంతా సర్దుకుపోయేది. ఈపూరులో నిరోష పుట్టింటి వసారాలో, ఆమె మేనమామ కోటయ్య స్టీలు పళ్ళెంలో తమలపాకు పరిచి, ఆకు మీద కర్పూరం పెట్టి, కోటప్పకొండ స్వామి పటం ముందు వెలిగించి సిద్ధంగా ఉంచాడు. వంటింట్లో కోడికూర ఉడుకుతోంది. నిరోష బట్టల సంచి సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది. ఆమె మొగుడు చెయ్యాల్సిందల్లా మంట మీద అరచెయ్యి బోర్లించి, ఆర్పి, జన్మలో మందు ముట్టనని ఒక్క మాట అనడమే. కర్పూరం ఆర్పి చెప్పిన మాట తప్పితే ఇంటి దీపం ఆరిపోతుందని అక్కడున్న అందరికీ భయం. అంతకన్నా పెద్ద జామీను వాళ్ళకి తెలియదు.

"చెయ్యి పెట్టరా అబ్బాయ్. ఆర్పు. మీ ఆడోళ్ళు బండెక్కుతారు, మేం అన్నానికి కూర్చుంటాం," అన్నాడు కోటయ్య.

యల్లమంద పళ్ళెం వంక చూశాడు. చేతులు మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు.

"నా వల్ల కాదు పెదనాన్నా."

"ఏంది నీ వల్ల కానిది? మానడమా, ఒట్టెయ్యడమా?"

"ఒట్టెయ్యడం."

వసారాలో ఒక్కసారిగా గోల లేచింది. ఒట్లు అతనికి కొత్తయితే ఇంత గోల ఉండేది కాదు. కూతురు కీర్తి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒకసారి వేశాడు. అయ్యప్ప మాల వేసుకుని గురుస్వామి ముందు ఒకసారి వేశాడు, మాల తీసిన సాయంత్రమే మండలం పాటు ఆపుకున్న దాహమంతా తీర్చుకున్నాడు. మూడోసారి సాక్షాత్తూ కొండ మీద, స్వామి ఎదుట, ఇట్టాగే కర్పూరం ఆర్పాడు. మూడు ఒట్లూ అడిగీ అడగకముందే వేసినవాడు, ఇప్పుడు మానేశానని తనంతట తాను వచ్చి చెబుతూ, ఒట్టు దగ్గరికి వచ్చేసరికి చేతులు దాచుకున్నాడు.

"మానేసినోడివి ఒట్టెయ్యడానికి ఏంది బావా నీకు నొప్పి?" అన్నాడు నిరోష అన్న ఆనంద్.

"ఇవ్వాళ తాగను. అది చెప్పగలను. జన్మలో తాగనని చెప్పలేను."

"విన్నారా! ఇవ్వాళ్టి మటుకేనంట. ఇదేమన్నా బస్సు టికెట్టా బావా, ఏ రోజుకారోజు కొనుక్కోడానికి?"

"ఎవడు నేర్పాడురా నీకు ఈ మాటలు?" అన్నాడు కోటయ్య.

"మీటింగులో చెప్పారు. తాగుడు మానాలనుకునే వాళ్ళు నరసరావుపేటలో ఒకచోట కూర్చుంటారు. అక్కడికి పోతన్నా."

"ఎవరెవరొస్తారు?"

"చెప్పకూడదు పెదనాన్నా."

"ఎక్కడ పెడతారు?"

యల్లమంద తల దించుకున్నాడు. ఆనంద్ తొడ చరిచి నవ్వాడు. "పేర్లు చెప్పని మీటింగేందయ్యా, పేకాట క్లబ్బు కాకపోతే!"

యల్లమంద తల్లి వీరరాఘవమ్మ కొడుకు పక్కనే కూర్చుని ఉంది. కర్పూరం సగం కరిగిపోతుంటే ఆమెకు కాలూ చెయ్యీ ఆడలేదు. "ఆరిపోతందిరా, ఆరక ముందే పెట్టరా, నా మాట యినరా," అని కొడుకు మోచెయ్యి పట్టుకుని ఊపింది. అతను కదల్లేదు. కర్పూరం తనంతట తానే ఆరిపోయి, తమలపాకు మీద నల్ల మచ్చ మిగిలింది.

కోటయ్య కండువా దులుపుకుని లేచాడు. "వచ్చే ఆదివారం దాకా గడువు. ఆర్పితే సంసారం. ఆర్పకపోతే పేట కోర్టుకి పోయి వకీలును చూస్తాం. వదినా, నువ్వు పెద్దదానివి, నీ కొడుక్కి చెప్పుకో."

కోడికూర ఎవరూ సరిగ్గా తినలేదు.

నిరోష మొగుణ్ణి వదిలి వచ్చింది ఊరికే కాదు. నరసరావుపేటలో అతనికి బోరు మోటార్లకు వైండింగు చేసే షాపుంది. పనిమంతుడు. సీజనులో రైతులు అతని కోసం బండ్ల మీద మోటార్లు పెట్టుకుని కాసుకుని కూర్చుంటారు. పెళ్ళయిన కొత్తల్లో సాయంత్రం ఒక బీరు అన్నది, మెల్లగా పొద్దున్నే చేతి వణుకు తగ్గడానికి ఒక క్వార్టరు దాకా వచ్చింది. అదంతా ఆమె భరించింది. పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత కీర్తి స్కూలు వార్షికోత్సవం. ప్రైజు తీసుకుంటున్న కూతుర్ని ఫోటో తీస్తానని స్టేజీ ఎక్కబోయి, మైకు వైర్లు కాలికి చుట్టుకుని, అంతమంది ముందు బోర్లా పడ్డాడు. లేపబోయిన హెడ్మాస్టరు మీద కక్కాడు. పిల్లలు నవ్వారు. మర్నాడు కీర్తి ఇక ఆ స్కూలు గేటు తొక్కనంది. ఆ వారమే తల్లీ కూతుళ్ళు ఈపూరు వచ్చేశారు. కీర్తి ఇప్పుడు అక్కడే తొమ్మిది చదువుతోంది.

ఆ ఆదివారం గొడవంతా తలుపు చాటున ఉండి విన్న కీర్తి, సాయంత్రం తల్లి దగ్గరికొచ్చి ఒకే మాట అంది. "నువ్వు పోతే పో అమ్మా. నన్ను రమ్మంటే మాత్రం, నాన్న మారాడని నువ్వు ఖాయంగా చెప్పాలి. వాళ్ళూ వీళ్ళూ చెప్పడం కాదు, నువ్వు చెప్పాలి."

నిరోషకు ఆ మాట ముల్లులా దిగింది. ఖాయంగా చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? తాగేవాడి పెళ్ళాం ముక్కుతో చూస్తుంది, కళ్ళతో వింటుంది. మంచినీళ్ళ సీసా మూత తీసి వాసన చూడకుండా ఆమె నీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో. ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో, బండి టూల్ బాక్సులో, చివరికి షాపులో కాలిపోయిన మోటారు డొల్లలో కూడా సీసాలు పట్టుకుంది. అట్టాంటి మనిషికి, ఊరూ పేరూ చెప్పని మీటింగొకటి ఉందనీ, అక్కడ ఒట్టు వద్దంటారనీ చెబితే ఏమనుకుంటుంది? దేవుడి భయంతో వెనక్కి తగ్గాడనుకుందామంటే, కొండ మీద వేసిన ఒట్టు తప్పినప్పుడు లేని భయం ఇప్పుడెందుకొచ్చింది? ఒట్టు కన్నా పెద్దదేదో దాస్తున్నాడు. అదేందో తేలాలి.

మంగళవారం మధ్యాహ్నం బస్సెక్కి పేటలో దిగింది. తమ అద్దింటికి పోలేదు, పక్కింటి ఆసియా దగ్గరికి పోయింది. ఆసియా మిషను మీద జాకెట్లు కుడుతుంది. వాళ్ళ కిటికీలోంచి చూస్తే యల్లమంద గుమ్మం కనపడుతుంది. ఆ వీధిలో ఎవరింటికి ఎప్పుడెవరొచ్చిందీ ఆసియాను అడిగితే చాలు.

"మంగళవారం, శుక్రవారం," అంది ఆసియా, మిషను ఆపకుండానే. "షాపు తొందరగా కట్టేసి వస్తాడు. తలస్నానం చేస్తాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. పౌడరు కూడా రాసుకుంటాడక్కా."

"పౌడరా?"

"రాసుకుంటాడు. మరీ ఎక్కువ కాదులే."

నిరోష కిటికీలోంచి ఆ గుమ్మం వంక చూసింది. పేకాటకి పౌడరు రాసుకుని ఎవరు పోతారు? "తాగి రావడంలా?"

"అల్లా సాక్షిగా నేను చూళ్ళేదు. ఒకటి చెప్పనా? ఇదివరకు వచ్చి తలుపు తాళం తీయాలంటే అరగంట గీకేవాడు గుర్తుందా? మా ఆయన పోయి తీసిచ్చేవాడు. ఇప్పుడు మొదటిసారికే తాళంచెవి బొక్కలో పడుద్ది."

"అది నటించొచ్చు."

"తాగినట్టు నటించొచ్చు గానీ, తాళం తీసినట్టు ఎట్టా నటిస్తారక్కా?" అంది ఆసియా.

ఆ సాయంత్రం యల్లమంద బండి తీసేసరికి సందు చివర ఆటో సిద్ధంగా ఉంది. ఆసియా బురఖాలో ఉంది. నిరోష చీర కొంగు ముఖం నిండా కప్పుకుంది. "ఆ ఎర్ర బండి వెనకాల పో అన్నా, మరీ దగ్గరికి పోబాకు," అంది ఆసియా ఆటో అతనితో. "సీఐడీలా మీరు?" అన్నాడతను. మల్లమ్మ సెంటరు దాటారు. పల్నాడు రోడ్డు ఎక్కారు. మందు షాపు ముందు జనం గుంపుగా ఉన్నారు. ఇప్పుడాగుతాడు, ఇప్పుడాగుతాడు అని నిరోష ఆటో కడ్డీ పట్టుకుని చూసింది. ఆగుతాడనే ఆమె ఆశ కూడా. ఆగితే అన్ని సందేహాలూ తీరిపోతాయి, ఇంటికి పోయి నిద్రపోవచ్చు. యల్లమంద ఆగలేదు. కొంత దూరం పోయి ఒక చిన్న చర్చి ఆవరణలోకి బండి తిప్పాడు. చర్చి వెనకాల పిల్లల స్కూలొకటి ఉంది, దాని చివరి గదిలో లైటు వెలుగుతోంది.

"మతం పుచ్చుకున్నాడా ఏందక్కా?" అంది ఆసియా గుసగుసగా.

"పుచ్చుకుంటే దాచడం దేనికే? చర్చికి పోయేవాళ్ళు మైకు పెట్టి మరీ చెప్తారు."

ఆసియా గేటు దగ్గర నిలబడింది. నిరోష గోడ వారగా ఆ గది దాకా నడిచింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. బయట చెప్పులు విడిచి ఉన్నాయి. రైతుల తోలు చెప్పులు, ఆఫీసు బూట్లు, రబ్బరు చెప్పులు, వాటి మధ్య ఆమె మొగుడి చెప్పులు. వాటిని ఆనుకుని, పొందిగ్గా పెట్టిన ఒక జత ఆడ చెప్పులు.

అదీ సంగతి, అనుకుంది నిరోష. పౌడరెందుకో తెలిసింది.

తలుపు మీద చెయ్యి వెయ్యబోతుంటే అదే తెరుచుకుంది. టీ ఫ్లాస్కు పట్టుకుని ఒక పెద్దావిడ బయటికొచ్చింది. అరవై దాటి ఉంటాయి. తెల్లటి నూలు చీర, మెళ్ళో చిన్న సిలువ. తలుపు వెనకాలే మూసేసి, నిరోషను ఎగాదిగా చూసింది.

"ఎవరు కావాలమ్మా?"

"యల్లమంద. మోటార్ల షాపు యల్లమంద. లోపలున్నాడు."

"ఉన్నాడనీ చెప్పను, లేడనీ చెప్పను. ఇక్కడికి ఎవరొచ్చేదీ మేం బయటికి చెప్పం."

"అదుగో, ఆ ఎర్ర బండి ఆయనది."

"అయితే బండినడుగు తల్లీ."

గేటు దగ్గర ఆసియా ఫక్కున నవ్వింది. నిరోషకు మండుకొచ్చింది. "పెద్దదానివి, సిలువేసుకున్నావు, పెళ్ళాం వచ్చి మొగుడేడని అడుగుతుంటే ఇదా జవాబు? ఆ ఆడ చెప్పులెవరివి?"

"నావి. నీకు కావాలా?"

ఆవిడ ఫ్లాస్కు మెట్టు మీద పెట్టి, తానూ కూర్చుంది. "నా పేరు ఫిలోమినా. నర్సుగా చేసి రిటైరయ్యాను. నా పేరు నేను చెప్పుకోవచ్చు, వేరేవాళ్ళది చెప్పకూడదు. అదీ ఇక్కడి పద్ధతి."

"మీరు ఇక్కడ టీ కాయడానికొస్తారా?"

"టీ కూడా కాస్తాను. వచ్చేది మాత్రం తాగకుండా ఉండడానికి."

నిరోష ఆవిడ చీర వంక, నెరిసిన జుట్టు వంక, కడిగినట్టున్న ముఖం వంక చూసింది. ఆడమనిషి, అందులోనూ ఇట్టాంటి మనిషి తాగడమేంటో ఆమె ఊహకు అందలేదు. అబద్ధమేమో. వేరే ఏదో కప్పిపుచ్చడానికి ఈ ముసలావిడను గుమ్మంలో కూర్చోబెట్టారేమో.

"నేను లోపలికి రావచ్చా?"

"ఇవ్వాళ తాగుడు జబ్బున్నోళ్ళకే. నీకుందా?"

"ఛీ!"

"అయితే రాకూడదు. నెలాఖరు ఆదివారం ఇంట్లోవాళ్ళని కూడా కూర్చోబెడతాం, అప్పుడు రా. మెట్ల మీద కూర్చోవాలంటే కూర్చో, మెట్లు స్కూలువి."

నిరోష కూర్చోలేదు. "ఒట్టు వెయ్యొద్దని మొగోళ్ళకి నేర్పేది మీరేనా?"

"వెయ్యమనీ చెప్పం, వద్దనీ చెప్పం. ఆ గదిలో కూర్చున్నవాళ్ళందరం ఒట్లు వేసీ వేసీ వచ్చినోళ్ళమే. నేను బైబిలు మీద వేశా. ఇంకొకాయన తల్లి శవం మీద వేశాడు. చిన్నకర్మ లోపే తప్పాడు. అందుకని ఇవ్వాళ తాగను అని మటుకు అనుకుంటాం."

"రేపు?"

"రేపు లేచాక, మళ్ళీ ఇవ్వాళ తాగను అనుకుంటాం."

"అంటే రేపటికి తలుపు తీసి పెట్టుకున్నట్టేగా? ఈ మాట ఎవరో తాగుబోతులే కనిపెట్టి ఉంటారు."

"తాగుబోతులే కనిపెట్టారు," అంది ఫిలోమినా తాపీగా. "తాగనోళ్ళకి దీంతో పనేముంది?"

అప్పుడే లోపల గదిలో నవ్వులు లేచాయి. పదిమంది మొగవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. అందులో ఒక నవ్వు యల్లమందది. మందు లేకుండా అతను అట్టా నవ్వగా ఆమె విని చాలా ఏళ్ళయింది. నా బతుకు బుగ్గి చేసి, నా కూతుర్ని బడి మాన్పించి, ఇక్కడ కూర్చుని నవ్వుకుంటున్నాడా? నవ్వుతున్నాడంటే తాగే ఉంటాడు. ఆ మనిషికి ఇంకోరకంగా నవ్వు రాదు.

మీటింగు అయిపోయి అందరూ బయటికొచ్చేసరికి ఆమె చెప్పుల దగ్గరే నిలబడి ఉంది. యల్లమంద ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఊదు," అంది నిరోష.

"ఇక్కడా?"

"ఇక్కడే. ఊదు."

వెనకాల నిలబడ్డ తలపాగా రైతొకాయన అతని భుజం తట్టాడు. "ఊదవయ్యా, ఊదు. మా ఇంట్లో రోజూ ఇదే, టిఫినుకి ముందు." మిగతావాళ్ళు నవ్వాపుకుంటూ చెప్పులు వెతుక్కున్నారు. యల్లమంద వంగి, ఆమె ముఖం మీద ఊదాడు. అల్లం వాసన. మళ్ళీ ఊదమంది. అల్లం, కొంచెం పౌడరు. కళ్ళు చూసింది. చేతులు చాపమంది. చేతులు వణకలేదు.

"పౌడరెందుకు?"

"వైండింగు వార్నీషు వాసన పోదే. పక్కన కూర్చున్నోళ్ళకి తలనొప్పి."

అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఆసియాను ఆటోలో పంపేసి, బస్టాండు దాకా అతని పక్కన నడిచింది. అతను బండి ఎక్కకుండా నెట్టుకుంటూ వచ్చాడు.

"అక్కడ కూర్చుని ఏం నవ్వారు?"

"ఒకాయన సీసా బియ్యం డబ్బాలో దాచాడంట. వాళ్ళావిడ తెలియక ఎసట్లో బియ్యం పోస్తే, సీసా కూడా పడింది." ఆమె నవ్వలేదు. అతను ఆగిపోయాడు. "నేనూ దాచాను గదా అట్టాగే."

"మా వాళ్ళు అడిగింది ఒక్క కర్పూరం ముక్క. ఇదివరకు నేను అడక్కుండానే వేసేవాడివి. ఇప్పుడెందుకు వెయ్యవు?"

టిఫిను బండి దగ్గర పెనం మీద నూనె చిటచిటమంటోంది. అది దాటాక యల్లమంద అన్నాడు. "కొండ మీద కర్పూరం ఆర్పాను, గుర్తుందా? దిగేటప్పుడు నువ్వు చానా సంతోషంగా ఉన్నావు. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయావు. నేను మేలుకునే ఉన్నా. ఇది నమ్మేసింది, ఇక ఒక పెగ్గు ఏసినా కనిపెట్టలేదులే అనుకున్నా."

నిరోషకు చెంప మీద కొట్టినట్టయింది.

"ఒట్టేసిన రోజు నాకు ఒళ్ళు తేలికైపోద్ది నిరోషా. పనంతా అయిపోయినట్టుంటది. నువ్వు నమ్ముతావు, మీ వాళ్ళు నమ్ముతారు, నేనూ నమ్ముతా. ఇక నన్ను చూసేవాడుండడు. అందుకని నన్ను నమ్మబాకు. నమ్మితే నాకు కష్టం."

"మొగుడు పెళ్ళాంతో చెప్పే మాటేనా అది?"

"కాదు," అన్నాడు. "అయినా అంతే."

బస్సులో ఈపూరు దాకా ఆ మాట ఆమెను వదల్లేదు. మోసం చేసేవాడు ఇట్టా చెప్పుకోడు, అని ఒకసారి అనిపించింది. ఇట్టా చెప్పడమే అన్నిటికన్నా పెద్ద మోసమేమో, అని వెంటనే అనిపించింది. ఇన్నాళ్ళూ అనుమానపడితే రంపాన పెడతన్నావని తిట్టినవాడు, ఇప్పుడు అనుమానపడమని బతిమాలుతున్నాడు. దీన్ని ఎటు తిప్పి చూసినా ఆమెకు అంతు చిక్కలేదు.

ఆదివారం మళ్ళీ అదే వసారా, అదే పళ్ళెం. ఈసారి కోటయ్య కర్పూరం పెద్ద ముక్క పెట్టాడు, తొందరగా ఆరిపోకుండా. యల్లమంద ముందు, అతని తల్లి వెనక. ఆనంద్ స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. దసరా సెలవులు ఇచ్చి ఉండడంతో కీర్తి గుమ్మంలోనే నిలబడింది, ఈసారి తలుపు చాటుకి పోలేదు.

"ఇదే ఆఖరు. ఇంకో మాట లేదు," అన్నాడు కోటయ్య.

"నేను చెప్పేది అదే పెదనాన్నా. ఇవ్వాళ..."

"ఇవ్వాళా రేపూ అన్నావంటే నా చేతిలో తన్నులు తింటావు!"

వీరరాఘవమ్మ కొడుకు ముందుకొచ్చి కూలబడి, అతని గడ్డం పట్టుకుంది. "ఏసెయ్యరా అయ్యా. తర్వాత నీ ఇష్టం. ఆ పాపమేదో నా నెత్తిన పడనీ. కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని, నాకేమయిద్ది? పిల్లని చూడరా, ఎట్టా నిలబడిందో."

యల్లమంద కీర్తి వంక చూశాడు. కీర్తి చూపు తిప్పుకోలేదు. కుడి చెయ్యి ఒళ్ళోంచి మెల్లగా పైకి లేచింది. కోటయ్య ముఖం విచ్చుకుంది. "అదీ! ఆర్పు!" అన్నాడు ఆనంద్.

నిరోష కర్పూరాన్ని చూడలేదు, మొగుడి ముఖాన్ని చూసింది. చెయ్యి లేచేకొద్దీ ఆ ముఖంలో బరువు దిగిపోతోంది. నుదుటి ముడతలు విడిపోయాయి. కొండ మెట్లు దిగుతున్నప్పుడు ఉన్న ముఖం అది. అప్పుడు ఆమె దాన్ని చూసి పొంగిపోయింది. ఒక్క క్షణం ఆగితే చాలు, తన వాళ్ళందరికీ కావాల్సింది దొరుకుతుంది. కోర్టు తప్పుతుంది, అన్నావదినలకి ఇల్లు ఖాళీ అవుతుంది, తను సంచి పట్టుకుని బయల్దేరవచ్చు. ఆ తర్వాత మళ్ళీ సీసా ఎన్నాళ్ళకో ఆమెకు తెలుసు.

ఆమె పళ్ళెం లాగేసుకుంది. మంట ఊగి చెయ్యి చురుక్కుమన్నా వదల్లేదు. వసారా దిగి, మంట మండుతుండగానే పళ్ళెం కుళాయి గట్టు మీద పెట్టి వచ్చింది.

"ఏమే, పిచ్చి పట్టిందా నీకు?" కోటయ్య లేచి నిలబడ్డాడు. "ఆర్పబోతుంటే!"

"వద్దు మామయ్యా. ఆర్పొద్దు. నేను పోతన్నా ఆయనతో."

"ఒట్టు లేకుండానా? ఏం చూసి నమ్మావే వాణ్ణి?"

"నమ్మలా."

"నమ్మకపోతే ఎట్టా పోతావు?"

"నమ్మి మూడుసార్లు పోయాను గదా మామయ్యా," అంది నిరోష. "ఏమైంది?"

ఆనంద్ ఏదో అనబోతే ఆమె అతని వైపు తిరిగింది. "అన్నా, నా బట్టలు సగం ఇక్కడే ఉంటాయి. వదినకి ఇబ్బందైనా బీరువాలో ఒక అర నాకు కావాలి. ఇంటి తాళం నా దగ్గరుంటది. నెలాఖరు ఆదివారం ఆ మీటింగులో నేనూ కూర్చుని చూస్తా. తేడా వస్తే ఆ రోజే బస్సెక్కి వస్తా, అప్పుడు మీరు పంచాయితీ కూడా పెట్టాల్సిన పని లేదు."

యల్లమంద తల ఊపాడు. చెమటతో అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అతని తల్లి మాత్రం, "ఆరే కర్పూరాన్ని ఆపింది, ఇదేం ఆడదమ్మా," అని గొణుగుతూనే ఉంది.

నిరోష గుమ్మం దగ్గరికి పోయింది. కీర్తి అడక్కముందే చెప్పింది. "ఖాయంగా చెప్పలేను. ఇవ్వాళ తాగలేదు. పొద్దున ఆయన రాగానే ఊదించి చూశా."

కీర్తి తండ్రి వైపు, కుళాయి గట్టు మీద ఇంకా మండుతున్న కర్పూరం వైపు చూసింది. తల్లి నుంచి ఆ పిల్లకు వచ్చింది అనుమానమే గదా. "స్కూల్లో టీసీ ఇప్పుడే తియ్యొద్దు. సెలవులకి మాత్రం వస్తా. సెలవులయ్యాక చూద్దాం," అంది. చిన్న సంచిలో రెండు జతలే పెట్టుకుంది.

వీరరాఘవమ్మ బస్సులో పోతానంది. ముగ్గురూ బండెక్కారు. మధ్యలో కీర్తి, వెనకాల నిరోష. పత్తి చేల మధ్య కొంత దూరం పోయాక, యల్లమంద ఎప్పుడూ పోయే రోడ్డు వదిలి ఎడమకి, కాలవ కట్ట మీదికి తిప్పాడు. నిరోష వెంటనే అతని భుజం పట్టుకుంది.

"ఇటెందుకు తిప్పావు?"

"అటు సెంటర్లో మందు షాపుంది."

"ఇటు లేదా?"

"ఉంది. కానీ ఆ షాపోడు పోయినేడు నన్ను కొట్టాడు. బల్ల విరగ్గొట్టానని. నన్ను చూస్తే మళ్ళీ కొడతాడు."

మధ్యలో కీర్తి కిసుక్కుమంది. నిరోష నవ్వలేదు. నిజంగా ఉందో లేదో చూడాలని కట్టకి రెండు పక్కలా కళ్ళు పెట్టి కూర్చుంది. తూము దాటాక రేకుల షెడ్డొకటి వచ్చింది. దాని ముందు కుర్చీలో కూర్చున్న బట్టతల మనిషి, బండిని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. యల్లమంద వేగం పెంచాడు.

ఈ ఒక్క మాట నిజమే, అనుకుంది నిరోష. అనుకుని కూడా, ఆ షెడ్డు దుమ్ములో కనపడకుండా పోయేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.